రేజర్ పేర్లు ఎక్కడివి, ఏ పేరు చూసి ఏ రేజర్ ఎంచుకోవాలి

కార్ట్రిడ్జ్ (బ్లేడ్లున్న తల మొత్తం మార్చుకునే రేజర్) వదిలేసి పాతకాలపు రేజర్‌కి మారదామని వెతకడం మొదలుపెడితే ముందుగా కంగారు పెట్టేవి పేర్లే. ఓపెన్ కోంబ్, స్లాంట్, హాఫ్ హాలో, షావెట్, ఇంజెక్టర్, మైల్డ్, అగ్రెసివ్... అమ్మేవాళ్లు ఇవన్నీ మనకు ఎప్పటినుంచో తెలిసినట్టే రాసేస్తారు. అర్థం కాకుండా ఏదో ఒకటి కొంటే కొన్నాళ్లకు రేజర్ అటకెక్కుతుంది, చెంప మీద గాట్లు మిగులుతాయి.

ఈ పేర్లు మూడు చోట్ల నుంచి వచ్చాయి. హాలో, వెడ్జ్, ఐదు బై ఎనిమిది లాంటివి కత్తులు చేసే పనివాళ్ల మాటలు. ఇవి ఆకారాన్నో కొలతనో చెప్తాయి కాబట్టి నమ్మవచ్చు, కావాలంటే స్కేలు పెట్టి సరిచూసుకోవచ్చు. సిల్వర్ స్టీల్, ప్లాటినం లాంటివి అమ్మకం కోసం పుట్టినవి. వాటిలో సగం తీసేసి వినాలి. అగ్రెసివ్, ఫ్యాట్‌బాయ్, ఆర్ఎస్ఓ లాంటివి వాడేవాళ్లు తమలో తాము పెట్టుకున్నవి. అవి ఎవరో ఒకరి అనుభవం, వాళ్ల గడ్డం మీ గడ్డం ఒకటి కాకపోవచ్చు. ఏ పేరు ఏ కోవలోదో తెలిస్తే ఎంపిక చాలావరకు తేలిపోతుంది.

ముందు మీ సంగతి తేల్చుకోండి

అన్నిటికన్నా ముఖ్యమైనది వెంట్రుక తీరు. వెంట్రుకలు వంకీలు తిరిగి, గీసుకున్న రెండు రోజులకే మెడ మీద పొక్కులు లేస్తుంటే మీకు ఒకే బ్లేడున్న రేజర్ కావాలి. ఎందుకో కార్ట్రిడ్జ్ దగ్గర చెప్తాను. రెండోది, ఎన్నాళ్లకోసారి గీసుకుంటారు అన్నది. రోజూ గీసేవాళ్లకు సరిపోయే రేజర్ నాలుగు రోజుల గడ్డంలో ఇరుక్కుపోతుంది. మూడోది ఓపిక. గీసుకోవడానికి పట్టే టైమ్ ఒకటైతే, కత్తికి పదును పెట్టుకునే టైమ్ ఇంకొకటి. ఈ రెండోదాన్ని కొనేటప్పుడు ఎవరూ లెక్కేసుకోరు. తరచూ విమాన ప్రయాణాలు చేసేవాళ్లు ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. విడి బ్లేడును, స్ట్రెయిట్ రేజర్‌ను చేతి సామానులో మామూలుగా ఒప్పుకోరు.

| రకం | పట్టే టైమ్ | చేతికి అలవాటయ్యేది | పదును | చేతి సామానులో |
|---|---|---|---|---|
| స్ట్రెయిట్ రేజర్ | బాగా ఎక్కువ | నెలలు | మీరే పెట్టుకోవాలి | కుదరదు |
| షావెట్ | ఎక్కువ | నెలలు | బ్లేడు మార్చడమే | బ్లేడు కుదరదు |
| డబుల్ ఎడ్జ్ సేఫ్టీ రేజర్ | మధ్యస్థం | వారాలు | బ్లేడు మార్చడమే | బ్లేడు కుదరదు |
| సింగిల్ ఎడ్జ్, ఇంజెక్టర్ | మధ్యస్థం | వారాలు | బ్లేడు మార్చడమే, దొరకడం కష్టం | బ్లేడు కుదరదు |
| కార్ట్రిడ్జ్ | తక్కువ | అక్కర్లేదు | తల మార్చడమే | సాధారణంగా కుదురుతుంది |

స్ట్రెయిట్ రేజర్: పనివాళ్ల మాటలు ఎక్కువ ఉన్నది

రేజర్ అనే మాట గీకడం అనే అర్థమున్న లాటిన్ క్రియ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. మన క్షురకత్తిలోని క్షుర శబ్దానికీ, గ్రీకులో రేజర్‌ను చెప్పే క్సురాన్‌కూ మూలం ఒక్కటే. పిడిలోకి మడుచుకునే ఈ పొడుగాటి కత్తిని అమెరికాలో స్ట్రెయిట్ రేజర్ అన్నారు, బ్రిటన్‌లో కట్‌త్రోట్ అన్నారు. గొంతు కోసేది అని అర్థం. ఆ పేరు విని భయపడి మానుకునేవాళ్లు చాలామందే ఉంటారు, అందులో తప్పు పట్టాల్సింది కూడా ఏమీ లేదు.

కొనేటప్పుడు చూడాల్సిన మొదటి మాట వెడల్పు. వీపు నుంచి పదునంచు దాకా ఉన్న దూరాన్ని అంగుళంలో ఎనిమిదో వంతులుగా లెక్కిస్తారు. ఐదు బై ఎనిమిది అంటే దాదాపు 16 మిల్లీమీటర్లు, ఎనిమిది బై ఎనిమిది అంటే నిండు అంగుళం, 25 మిల్లీమీటర్ల పైచిలుకు. వెడల్పు పెరిగితే బరువు పెరుగుతుంది, ఒక్క గీతకు ఎక్కువ నురగ మోస్తుంది, కానీ ముక్కు కింద తిప్పడానికి చోటు చాలదు. కొత్తవాళ్లు ఐదు బై ఎనిమిది గానీ ఆరు బై ఎనిమిది గానీ తీసుకుంటే మంచిది.

రెండో మాట గ్రైండ్, అంటే కత్తి పక్కలను ఎంత లోతుగా అరగదీశారన్నది. అడ్డంగా కోసి చూస్తే పక్కలు తిన్నగా ఉండి కత్తి చీలికలా కనిపిస్తే అది వెడ్జ్. గుండ్రటి సానచక్రం మీద పక్కలను గుంటపడేలా అరగదీస్తే హాలో. ఆ గుంట లోతును బట్టి క్వార్టర్ హాలో, హాఫ్ హాలో, ఫుల్ హాలో అంటారు. ఫుల్ హాలో ఎంత పల్చగా ఉంటుందంటే గీస్తున్నప్పుడు సన్నగా మోగుతుంది. సింగింగ్ రేజర్ అని పేరొచ్చింది అందుకే. ఆ చప్పుడు వల్ల లాభమూ ఉంది. కోణం చెడితే ధ్వని మారుతుంది, చేతికి వెంటనే తెలుస్తుంది. వెడ్జ్, క్వార్టర్ హాలో పెద్దగా చప్పుడు చేయవు, వాటి బలం బరువులో ఉంది. నాలుగైదు రోజుల ముతక గడ్డాన్ని అవి వంగకుండా కోసుకుపోతాయి. రోజూ గీసుకునేవాళ్లకు, ఇప్పుడే నేర్చుకుంటున్నవాళ్లకు హాఫ్ లేదా ఫుల్ హాలో నయం.

మూడోది కొస. రౌండ్ పాయింట్ అంటే గుండ్రటి కొస, స్క్వేర్ అంటే కోసుగా ఉన్న చతురస్రపు కొస. ఫ్రెంచ్, స్పానిష్ అనేవి వేరే వంపులు. కణతల దగ్గర గీత సూటిగా తీయడానికి స్క్వేర్ బాగుంటుంది, చెవి తమ్మెను కొరకడానికీ అదే ముందుంటుంది. మొదటి కత్తికి రౌండ్ తప్ప ఇంకోటి ఆలోచించకండి.

ఇక కత్తి మీద చెక్కిన రాతలు. సాలింగెన్ అని ఉంటే దానికి విలువ ఉంది. జర్మనీలోని ఆ ఊరి పేరును 1938 నుంచి చట్టం కాపాడుతోంది, అక్కడ తయారు కాని కత్తి మీద ఆ పేరు వేయకూడదు. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నుంచి వచ్చిన పాత కత్తుల మీద కాస్ట్ స్టీల్ అని కనిపిస్తుంది. కత్తిని అచ్చులో పోశారని దాని అర్థం కాదు. 1740ల్లో బెంజమిన్ హంట్స్‌మన్ అనే ఆయన మూసలో కరిగించి మలినాలు తీసేసిన ఉక్కును తయారు చేశాడు, ఆ ఉక్కుకు వచ్చిన పేరది. సిల్వర్ స్టీల్ కథ వేరు. 1820 ప్రాంతంలో జేమ్స్ స్టొడార్ట్ అనే కత్తుల తయారీదారూ, మైకేల్ ఫారడే కలిసి ఉక్కులో వెండి లాంటి లోహాలు కలిపి ప్రయోగాలు చేశారు. ఆ పేరుకు గిరాకీ రాగానే చాలామంది తమ కత్తుల మీద అదే చెక్కించారు. ఆ ముద్రను చూసి ఎక్కువ డబ్బు పెట్టొద్దు.

అన్నిటికన్నా అక్కరకొచ్చే మాట షేవ్ రెడీ. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కత్తి చాలాసార్లు గడ్డం గీసేంత పదును మీద ఉండదు. ఎవరైనా సానరాళ్ల మీద చివరిదాకా పదును పెట్టి ఇచ్చినదాన్నే షేవ్ రెడీ అంటారు. ఆ మాట లేని కొత్త కత్తి కొని, గడ్డం పీక్కుపోతోందని స్ట్రెయిట్ రేజర్‌నే తిట్టుకునేవాళ్లు ఎందరో. మరీ చవకగా దొరికే మెరుపు కత్తులకు వాడేవాళ్లు ఆర్ఎస్ఓ అని పేరు పెట్టారు, రేజర్ ఆకారంలో ఉన్న వస్తువు అని దాని భావం. వెటకారమే అయినా నిజం ఉంది. వాటిలో చాలావాటికి ఎంత సాన పట్టినా పదును నిలవదు.

కత్తితో పని అయిపోదు. గీసుకునే ప్రతిసారీ ముందు తోలు పట్టీ మీద, వీపు ముందుకు పెట్టి, ముందుకూ వెనక్కీ నూరాలి. స్ట్రాప్ అంటే ఆ పట్టీ. కొన్ని నెలలకోసారి హోన్, అంటే సానరాయి పట్టాలి. ఇదంతా విసుగనిపిస్తే ఈ దారి మీది కాదు. పొద్దున్నే అరగంట నిదానంగా గడపడం ఇష్టమైతే మాత్రం దీనికి సాటి వచ్చే షేవింగ్ ఇంకోటి లేదని నా అభిప్రాయం.

షావెట్: ట్రయల్‌గా కొనేవాళ్లకు ఒక మాట

స్ట్రెయిట్ రేజర్ ఆకారంలోనే ఉండి బ్లేడు మార్చుకునే వీలున్నది షావెట్. ఇది నిజానికి సాలింగెన్‌లోని డోవో కంపెనీ తన రేజర్‌కు పెట్టుకున్న పేరు. ఇప్పుడు ఆ కోవలోని అన్నిటికీ అదే వాడుక అయిపోయింది. చాలావాటిలో డబుల్ ఎడ్జ్ బ్లేడును మధ్యకు విరిచి సగం పెడతారు.

అసలు కత్తి కొనేముందు దీనితో నేర్చుకుందాం అనే సలహా ఎక్కడ చూసినా కనిపిస్తుంది. నేను ఒప్పుకోను. షావెట్ తేలిక, బ్లేడు పల్చన, రెండు మూలలూ బయటికి పొడుచుకుని ఉంటాయి. చేతి కోణం కాస్త అటూ ఇటూ అయితే స్ట్రెయిట్ రేజర్ చాలావరకు క్షమిస్తుంది, షావెట్ ఊరుకోదు. దీనితో భయపడి అసలు కత్తికి దూరమయ్యే ప్రమాదమే ఎక్కువ. ఒక మనిషికి వాడిన బ్లేడు ఇంకొకరికి వాడకూడని చోట, అంటే వృత్తిగా క్షవరం చేసేవాళ్లకు, ఇదే సరైనది. ఇంట్లో వాడాలనుకుంటే ఫెదర్ అనే కంపెనీ వాళ్ల ఆర్టిస్ట్ క్లబ్ తరహా చూడండి. వాటికి ప్రత్యేకమైన మందపు బ్లేడ్లు ఉంటాయి, పట్టు కుదురుగా ఉంటుంది.

డబుల్ ఎడ్జ్ సేఫ్టీ రేజర్: ఎక్కువమందికి సరిపోయేది

కత్తి అంచుకు అడ్డం పెడితే గాటు లోతుగా పడదన్న ఆలోచన పాతదే. 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌కు చెందిన జాన్ జాక్ పెరే, వడ్రంగి చిత్రిక చూసి, స్ట్రెయిట్ రేజర్‌కు కొయ్య తొడుగు వేశాడు. 1847లో విలియం హెన్సన్ బ్లేడును పిడికి అడ్డంగా బిగించి పేటెంట్ తీసుకున్నాడు. అది చూడ్డానికి పారలా ఉంటుందని ఆ పేటెంట్‌లోనే రాసుకున్నాడు. మనం ఇవాళ వాడే ఆకారం అక్కడిదే. సేఫ్టీ రేజర్ అనే పేరు 1880లో అమెరికాలో కాంఫ్ సోదరుల పేటెంట్ మీద కనిపిస్తుంది. కానీ అందులోనూ బ్లేడుకు పదును పెట్టుకుంటూ ఉండాల్సిందే.

ఆ బాధ తప్పించినవాడు కింగ్ క్యాంప్ జిలెట్. రెండు వైపులా పదునుండి, వాడి పారేసే పల్చని బ్లేడుకు 1901లో దరఖాస్తు చేస్తే 1904లో పేటెంట్ వచ్చింది. 1903లో అమ్ముడైనవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. మరుసటి ఏడు రేజర్లే 90,000 దాటాయి. డబుల్ ఎడ్జ్, పొట్టిగా డీఈ, అన్న మాట ఈ బ్లేడుదే. సేఫ్టీ అన్నారు కదా అని ధీమా పడొద్దు. గాటు లోతు తగ్గుతుంది, పడకుండా పోదు.

ఇక్కడ అందరూ పొరబడేది మైల్డ్, అగ్రెసివ్ అనే మాటల దగ్గర. వీటికీ బ్లేడు పదునుకీ సంబంధం లేదు. రెండు కొలతలు కలిసి ఆ గుణాన్ని ఇస్తాయి. బ్లేడు అంచుకూ కింది బార్‌కూ మధ్య ఉన్న సందు బ్లేడ్ గ్యాప్. పై మూత అంచు నుంచి కింది బార్ అంచుకు ఒక గీత గీసినట్టు ఊహించుకోండి. బ్లేడు ఆ గీత దాటి బయటికొస్తే పాజిటివ్ ఎక్స్‌పోజర్, గీత మీదే ఉంటే న్యూట్రల్, లోపల ఉండిపోతే నెగటివ్. చర్మానికి తెలిసేది ఎక్కువగా ఎక్స్‌పోజరే. అమ్మేవాళ్లు గ్యాప్ ఒక్కటే మిల్లీమీటర్లలో రాసి ఊరుకుంటారు, అందుకే గ్యాప్ ఒకటే ఉన్న రెండు రేజర్లు ముఖం మీద వేరువేరుగా ఉంటాయి.

ఓపెన్ కోంబ్ మాట తీసుకోండి. కింది బార్‌కు దువ్వెనలా పళ్లు ఉంటే ఓపెన్ కోంబ్, పళ్లు లేకుండా అంచు మూసుకుని ఉంటే క్లోజ్డ్ కోంబ్ లేదా సేఫ్టీ బార్. పళ్ల సందుల్లోంచి నురగ, పొడుగు వెంట్రుకలు బ్లేడు దాకా వెళ్తాయి. వాటి పని అంతే. ఓపెన్ కోంబ్ అంటే అగ్రెసివ్ అని ఎక్కడ చదివినా నమ్మకండి. మ్యూలే కంపెనీ ఆర్41 ఓపెన్ కోంబే, కరుకైనదే. మెర్కూర్ అనే ఇంకో కంపెనీ ఓపెన్ కోంబ్‌లు దాని ముందు చాలా మెత్తన. ఓపెన్ కోంబ్ ఎవరికంటే రోజు విడిచి రోజు, అంతకంటే ఆలస్యంగా గీసుకునేవాళ్లకు. రోజూ గీసేవాళ్లకు క్లోజ్డ్ బార్ చాలు. మ్యూలే ఆర్89 మొదటి రేజర్‌గా బాగా నప్పే మెత్తని రకం. ఆర్41, ఆర్89 అనే అంకెల్లో ఆ తేడా ఏమీ తెలియదు చూడండి, తయారీదారు పెట్టిన నంబరు అంత మాత్రమే.

స్లాంట్ అంటే బ్లేడును కాస్త మెలితిప్పి ఏటవాలుగా పట్టుకునే తల. కూరగాయ మీద కత్తిని నేరుగా నొక్కడం కన్నా ఏటవాలుగా లాగితే సులువుగా తెగుతుంది కదా, అదే సూత్రం. గడ్డం ముతకగా ఉండి చర్మం సున్నితంగా ఉన్నవాళ్లకు ఇది వరం లాంటిది. కానీ ఒత్తిడి అస్సలు పనికిరాదు కాబట్టి మొదటి రేజర్‌గా వద్దు.

అడ్జస్టబుల్ అంటే గ్యాప్‌ను తిప్పి మార్చుకునేది. జిలెట్ 1958లో తెచ్చిన లావు పిడి అడ్జస్టబుల్‌కు సేకరించేవాళ్లు ఫ్యాట్‌బాయ్ అని ముద్దుపేరు పెట్టారు. దాని మీద అంకెలు 1 నుంచి 9 దాకా ఉంటాయి. మెర్కూర్ ఫ్యూచర్‌లో 6 దాకా, ప్రోగ్రెస్‌లో 5 దాకా. ఒకదాని 3 ఇంకోదాని 3తో సమానం కాదు, ఆ అంకెలను పోల్చుకుని కొనడం దండగ. చెంపకు ఒక తీరు, మెడకు ఒక తీరు కావాలనుకునేవాళ్లకు అడ్జస్టబుల్ బాగుంటుంది. లేకపోతే బరువు, లోపలి మరలు మాత్రమే అదనం.

త్రీ పీస్ అంటే మూత, కింది ప్లేటు, పిడి మూడుగా విడిపోయేది. టీటీఓ అంటే పిడి అడుగు తిప్పితే పైన రెండు తలుపులు తెరుచుకునేది, సీతాకోకచిలుక అని కూడా అంటారు. టీటీఓ చూడముచ్చటగా ఉంటుంది, సబ్బు మాత్రం లోపల పేరుకుంటుంది. కడిగే ఓపిక లేనివాళ్లు త్రీ పీస్ తీసుకోండి.

బ్లేడు ప్యాకెట్ మీద ప్లాటినం అని ఉంటే అది అంచు మీది అతి పల్చని పూతలోని లోహం పేరు. 1960ల మొదట్లో విల్కిన్సన్ స్వోర్డ్ స్టెయిన్‌లెస్ బ్లేడ్లు తెచ్చేదాకా బ్లేడు తొందరగా తుప్పు పట్టేది. నిజమైన మార్పు అది. ప్లాటినం, క్రోమియం అన్న మాటలు చూసి బ్లేడు ఎంచుకోలేం. నాలుగైదు రకాలు కొద్దికొద్దిగా కొని ఒకే రేజర్‌లో వాడి చూడటమొక్కటే దారి.

సింగిల్ ఎడ్జ్, ఇంజెక్టర్

ఒకవైపే పదునుండే బ్లేడు డీఈ కన్నా బాగా మందం. డీఈ దాదాపు 0.1 మిల్లీమీటరు అయితే జెమ్ అనే బ్రాండ్ తరహా సింగిల్ ఎడ్జ్ బ్లేడు 0.23 ఉంటుంది. మందంగా ఉన్నందువల్ల అది అదరదు, ముతక గడ్డంలో నిలకడగా నడుస్తుంది. ఇంజెక్టర్ జేకబ్ షిక్ ఆలోచన. డబ్బాలోంచి కొత్త బ్లేడును పక్కనుంచి తోస్తే పాతది అటువైపు నుంచి బయటికొస్తుంది, వేలికి అంచు తగలదు. ఇరుకు తల వల్ల ముక్కు కింద హాయిగా తిరుగుతుంది. బ్లేడ్లు అన్నిచోట్లా దొరకవు, అదొక్కటే చిక్కు. చేతులు వణికేవాళ్లకు, బ్లేడు పట్టుకోవాలంటే టెన్షన్ పడేవాళ్లకు ఇంజెక్టర్‌ను మర్చిపోకండి.

కార్ట్రిడ్జ్‌లోనే ఉండిపోవాలా?

కొందరు ఉండిపోవడమే మంచిది. 1971లో జిలెట్ ట్రాక్ టూతో రెండు బ్లేడ్ల కార్ట్రిడ్జ్ వచ్చింది, 1977లో అట్రాతో తల ఊగడం మొదలైంది, 1998లో మాక్3 మూడు బ్లేడ్లకు ధ్వని వేగంతో పోల్చి వేగాన్ని చెప్పే మాటను తగిలించింది. ఇవన్నీ ప్రకటనల మాటలే, వెనకున్న పని మాత్రం నిజం. మొదటి బ్లేడు వెంట్రుకను కొంచెం పైకి లాగుతుంది, అది వెనక్కి జారిపోయేలోపు రెండోది కోస్తుంది. దాన్ని హిస్టరిసిస్ అన్నారు. అందుకే నున్నగా వస్తుంది. వంకీల వెంట్రుక ఉన్నవాళ్లకు చిక్కు కూడా అక్కడే. చర్మం కిందికి తెగిన వెంట్రుక బయటికి రాకుండా లోపలే వంగి పెరిగి పొక్కు కడుతుంది. అలాంటివాళ్లు మెత్తని డీఈతో, వెంట్రుక పెరిగే దిశలో ఒక్కసారి గీసి ఆపేస్తే తేడా తెలుస్తుంది. బీబీఎస్, అంటే పసిపాప చర్మమంత నునుపు, కావాలని ఎదురు దిశలో గీస్తే మళ్లీ మొదటికే వస్తుంది. పొక్కుల బాధ లేక, పొద్దున ఐదు నిమిషాలు కూడా లేనివాళ్లు కార్ట్రిడ్జ్ మార్చాల్సిన పనిలేదు.

పాత రేజర్ కొంటుంటే

స్ట్రెయిట్ రేజర్ అయితే అంచును బల్ల మీద ఆనించి చూడండి. అంచు మధ్యలో బయటికి వంగి ఉంటే స్మైల్ అంటారు, దానితో పని జరుగుతుంది. మధ్యలో లోపలికి అరిగిపోతే ఫ్రౌన్, దాన్ని వదిలేయండి. సన్నని పగులు ఉంటే ఎంత మంచి పేరున్నా వద్దు. ఎన్ఓఎస్ అంటే అప్పట్లో అమ్ముడుపోకుండా మిగిలిన కొత్త సరుకు. అందులోనూ షేవ్ రెడీ కానివే ఎక్కువ, సాన ఖర్చు కలిపి లెక్కేసుకోండి.

పాత జిలెట్ డీఈలో బ్లేడు పెట్టి, రెండువైపులా అంచు సమంగా కనిపిస్తుందో లేదో చూడాలి. తలుపులు పూర్తిగా మూసుకోవాలి, అడ్జస్టబుల్ అయితే అంకె 1 నుంచి చివరిదాకా ఇరుక్కోకుండా తిరగాలి. 1951 నుంచి ఆ కంపెనీ అమెరికాలో చేసిన రేజర్ల మీద ఒక అక్షరం, ఒక అంకె ఉంటాయి. అక్షరం సంవత్సరానికి, అంకె మూడు నెలల భాగానికి గుర్తు. ఫ్యాట్‌బాయ్ మీద డీ4 అని ఉంటే అది 1958 చివరి మూడు నెలల్లో చేసింది, ఈ1 ఉంటే 1959 మొదటి మూడు నెలలది. అమ్మేవాడు చెప్పే సంవత్సరం దానితో కలవకపోతే ధర గురించి మళ్లీ మాట్లాడండి.